పొట్టు కోసం ఆదోనికి

మా బావమరిదికి ఏడాదికో వ్యాపారం మీద మనసు పోతుంది. కిందటేడు నాటుకోళ్లు, అంతకు ముందేడు డ్రాగన్ ఫ్రూట్. ఈసారి సంక్రాంతి పోయిన వారానికి ఫోన్ చేసి, "బావా, బొగ్గు తయారు చేద్దామనుకుంటున్నా" అన్నాడు. గనిలోంచి తవ్వేదాన్ని నువ్వెట్లా తయారు చేస్తావురా అంటే, "పొట్టుతో బావా! శనక్కాయ పొట్టు, పత్తి కట్టె, కంది కట్టె, ఏదైనా సరే. మిషన్లో వేసి ఒత్తితే దుంగల్లా వస్తాయి. బాయిలర్లవాళ్లు వచ్చి ఎత్తుకుపోతారంట. ఆదోనిలో ఒకాయన నడుపుతున్నాడు, చూసొద్దాం రా. నువ్వు బ్యాంకులో చేసినోడివి, లెక్క తేలుస్తావు" అన్నాడు.

నేను బ్యాంకులో చేసినోణ్ని కాబట్టే వెంటనే సరేననలేదు. అట్లా ఒత్తిన దుంగల్ని బ్రికెట్లంటారు. ఆ మాట వింటే నాకు ఒక చింతచెట్టు, దాని కింద తుప్పు పట్టిన రెండు పెద్ద ఇనుప చక్రాలు కళ్లముందు నిలబడతాయి. అయినా వాడు వదిలే రకం కాదు. ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు తెల్లారగట్ల కర్నూలు బస్టాండులో ఆదోని బస్సెక్కాం.

కోడుమూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. పత్తి తీయడం అయిపోయింది. ఆకు రాలి, కట్టె మాత్రం నిలబడి ఉంది. ఏరగా మిగిలిన దూది అక్కడక్కడ కొమ్మల చివర వేలాడుతోంది. కొన్ని చేలల్లో కట్టె పీకి కుప్పలు వేశారు. ఇంకొన్నింటిలో కుప్పలు కూడా లేవు, నల్లరేగడి మీద బూడిద మచ్చలే ఉన్నాయి. బావమరిది కిటికీకి అతుక్కుపోయి ఆ మచ్చల్ని చూస్తూ, "చూడు బావా, ఎంత డబ్బు కాలిపోయిందో" అన్నాడు. వాడి లెక్క మరీ తప్పేం కాదు. ఎకరం పత్తికి దాదాపు ఒక టన్ను ఎండు కట్టె వస్తుంది. వరి గడ్డి కాలిస్తే ఢిల్లీదాకా పొగ, పేపర్లదాకా వార్త. పత్తి కట్టె కాలితే పక్క ఊరికి కూడా తెలియదు.

"మా ఊరి మిల్లాయన పొట్టు ఊరికే తోలుకుపొమ్మన్నాడు" అని కూడా చెప్పాడు. వాళ్ల ఊరు నంద్యాల దగ్గర. అక్కడ శనక్కాయలు కొట్టే మిల్లొకటుంది. వంద కిలోల కాయ కొడితే 70 కిలోలు గింజ, తక్కిన 30 కిలోలు పొట్టు. మిల్లు వెనక అది గుట్టగా పేరుకుపోతుంది.

ఊరికే అన్న మాట వినగానే నేను చింతచెట్టు కథ మొదలుపెట్టాను.

అప్పటికి నేను కొత్తగా ఫీల్డాఫీసరునయ్యాను. పునరుత్పాదక ఇంధనాలకు అప్పులివ్వడానికి కేంద్రం 1987లో ఇరెడా అనే సంస్థను పెట్టింది. 1992లో వాటికోసం ఒక మంత్రిత్వ శాఖే వచ్చింది, అప్పట్లో దాని పేరు సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ. ఆ గాలి మా చిన్న శాఖదాకా వీచింది. ఒక ఉత్సాహవంతుడు బ్రికెట్ల ప్లాంటు పెడతానని ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొచ్చాడు. చక్కగా టైపు చేయించిన రిపోర్టు. యంత్రం ధర, కరెంటు, కూలీలు, అరుగుదల అన్నీ ఉన్నాయి. ముడిసరుకు అన్న చోట మాత్రం ఒకే మాట: ఉచితం. చుట్టూ ముప్పై మైళ్లలో పది మిల్లులున్నాయి, పొట్టు ఎక్కడ పారబోయాలో తెలియక తగలబెడుతున్నారు, తోలకం ఖర్చు తప్ప పైసా అక్కర్లేదు. అది ఆ రోజున నిజమే. నేనే వెళ్లి మిల్లులు చూసొచ్చి, నిజమేనని రాసి సంతకం పెట్టాను.

ప్లాంటు మొదలైన ఆరు నెలలకు మిల్లులవాళ్లు బండికి ఇంతని అడగడం మొదలుపెట్టారు. ఏడాదికి బస్తాకు ఇంత. రెండో ఏడాది ఒక మిల్లాయన, 'వీడు దీంతో వ్యాపారం చేస్తుంటే నేను ఊరికే ఇవ్వడమేంటి' అని ఇటుక బట్టీవాడికి ఎక్కువ ధరకు అమ్ముకున్నాడు. ఆ పొట్టుకు ధర పుట్టించింది మా అప్పే. మూడో ఏడు దసరాకు షెడ్డు మూతపడింది. యంత్రం వేలానికి పెడితే పాత ఇనుము కొనేవాళ్లు కూడా రాలేదు. అంత బరువున్న ఫ్లైవీళ్లను అక్కణ్నించి కదిలించే ఖర్చే ఎక్కువట. బదిలీ అయ్యి వెళ్లేదాకా నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఆ చక్రాలు చింతచెట్టు కింద అట్లాగే ఉన్నాయి. మా పైవాళ్లు నన్నేమీ అనలేదు, ఒక మెమో తప్ప. అందులో 'ముడిసరుకు లభ్యతను సరిగా అంచనా వేయలేదు' అని ఉంది. లభ్యతను సరిగ్గానే అంచనా వేశాను. ధర పుడుతుందనే ఊహించలేదు.

అంతా విని బావమరిది, "అది అప్పటి సంగతి బావా, ఇప్పుడు గవర్నమెంటే కొంటుంది" అన్నాడు. యూట్యూబులో విన్నాడట. అందులో సగం నిజముంది. బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలు కొంత మేర పంట వ్యర్థాల గుళికలు కూడా కలిపి కాల్చాలని కేంద్రం 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. 2024-25కు వందకు ఐదు పాళ్లు, 2025-26 నుంచి ఏడు అని తర్వాత సవరించింది. తక్కిన సగం సంగతి ఆదోనిలో తెలిసింది.

ఎమ్మిగనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. ఆదోనిలో దిగగానే ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆదోని వచ్చి ఇది తినకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని నా నియమం. ఒకప్పుడు ఈ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్లు. పత్తి, శనక్కాయ, నూనె మిల్లులు, జిన్నింగ్ మిల్లులు. ఇప్పటికీ పత్తి యార్డు వైపు వెళితే గాల్లో దూది ఎగురుతూ ఉంటుంది. ఉగ్గాని చేసే బొరుగులు హోటలుకు వచ్చేది వెనక వీధిలోని బట్టీ నుంచి. ఆ బట్టీ ముందు శనక్కాయ పొట్టు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. బావమరిదికి వాటిని చూపించి, "నీ మొదటి పోటీదారు" అన్నాను. వాడికి నచ్చలేదు.

ప్లాంటు ఊరి బయట. ఆటో దిగకముందే వినిపించింది. ధన్, ధన్, ధన్, ధన్. చప్పుడు చెవికంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది, నేలే అదురుతోంది. గేటులోంచి లోపలికి వెళితే ఎడమ పక్క రెండంతస్తుల మేడంత పొట్టు గుట్ట. కుడి పక్క సిమెంటు కళ్లంలో పొట్టు పలచగా ఆరబోశారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు ఆరేడుగురు చెక్క పలకలతో దాన్ని తిరగేస్తున్నారు. ఎండలో లేచిన దుమ్ము వాళ్ల కనుబొమల మీద, కొంగుల మీద ఎర్రగా పేరుకుంది. దీన్ని పర్యావరణానికి మేలు చేసే పరిశ్రమ అంటారు. ఆ మేలు ఆ కళ్లానికి ఇంకా చేరలేదు.

ఓనరు నా ఈడువాడే. మొదట నూనె మిల్లు ఉండేదట. అది నష్టాల్లో పడ్డాక, మిగిలిన పొట్టును ఏం చేయాలా అని ఇందులోకి దిగానన్నాడు. బావమరిది గుళికల విధానం గురించి ఎత్తగానే నవ్వాడు. "అది వేలు లావు గుళికల లెక్కప్పా. దానికి వేరే మిషను. మనది దిమ్మెల లెక్క. ఇది బాయిలర్లకు, బట్టీలకు పోతాది." బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికి రంగులేసే యూనిట్ల బాయిలర్లకు, హైదరాబాదు చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకు తోలుతాడు. గుజరాతీ వ్యాపారులు దీనికి తెల్ల బొగ్గని పేరు పెట్టారు. అది తెలుపూ కాదు, బొగ్గూ కాదు, బెల్లం రంగులో ఉంటుంది.

యంత్రం దగ్గరికి తీసుకెళ్లాడు. రాజ్‌కోట్ నుంచి వచ్చిన యంత్రం. రెండు పక్కలా మనిషంత ఎత్తు ఫ్లైవీళ్లు, మధ్యలో ముందుకీ వెనక్కీ ఆడే ఉక్కు రామ్, దాని ముందు డై. అవే చక్రాలు. చింతచెట్టు కింద తుప్పు పట్టి చూసినవాటిని ఇక్కడ తిరుగుతుండగా చూడటం నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

పైనుంచి పొడి రాలుతుంది. రామ్ దాన్ని సన్నగా కుదించుకుపోయే ఉక్కు గొట్టంలోకి కొడుతుంది. నిమిషానికి 270 దెబ్బలు. జిగురు లేదు, బంక లేదు, బెల్లప్పాకం లేదు. మరి ఎట్లా అతుక్కుంటుంది? ఈ ప్రశ్న ఆనాడు ఆ ప్రాజెక్టు రిపోర్టు తెచ్చినాయన్ని నేను అడగనే లేదు. కట్టెను కట్టెగా నిలబెట్టేది దాని లోపలుండే లిగ్నిన్ అనే పదార్థం. ఆ ఒత్తిడికి, ఆ రాపిడికి పుట్టే వేడికి అది మెత్తబడి, నారల మధ్య పాకంలా పాకి, చల్లారగానే మళ్లీ గట్టిపడుతుంది. అంటే పొట్టుకు కావలసిన జిగురు పొట్టులోనే ఉంది. రోకటిపోటు పడితే బయటికొస్తుంది.

డై నోట్లోంచి దుంగ మెల్లగా పాకుతూ బయటికొస్తోంది. తొంభై మిల్లీమీటర్ల లావు, అంటే మన జబ్బంత. సన్నగా పొగలు కక్కుతోంది. ముందు పొడవాటి ఇనుప దారి ఉంది, దాని మీద చల్లారుతూ జరుగుతూ పోయి చివర తనంతట తనే పుటుక్కున విరిగి కింద పడుతోంది. షెడ్డంతా వేయించిన శనక్కాయల వాసన. ఒక ముక్క తీసి ఆపరేటరు నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. పైన నున్నగా, తేనె పూసినట్టు మెరుస్తోంది. పక్కనుంచి చూస్తే అడ్డంగా సన్నటి గీతలు. రెండు చేతులతో వంచితే సరిగ్గా ఒక గీత దగ్గర విరిగింది, లోపల గుండ్రటి బిళ్ల. ఒక్కో దెబ్బకు ఒక్కో బిళ్ల, ముప్పాతిక సెంటీమీటరు మందం. దుంగ అని మనం అనుకునేది నిజానికి బిళ్లల దొంతర. వాటిని లెక్కబెడితే యంత్రం ఎన్ని దెబ్బలు వేసిందో చెప్పొచ్చు, చెట్టు వలయాల్ని లెక్కబెట్టినట్టు.

ఆపరేటరు ఆదోని మనిషే. యంత్రం బిగించడానికి వచ్చిన గుజరాతీ ఫిట్టరు దగ్గర పని నేర్చుకున్నాడు. చేతిలో తేమ కొలిచే మీటరు ఉంది గానీ దానివైపు చూడటం లేదు.

"అదెందుకు సార్, ఇది చెవి పని. మిషను మాట్లాడ్తాది. ఎండిన సరుకు పడితే దెబ్బ ఒకే తీరుగా ఇనపడ్తాది. తేమ సరుకొస్తే గొంతు మెత్తబడ్తాది. అప్పుడే ఆపేయాల."

వందకు ఎనిమిది నుంచి పన్నెండు పాళ్ల తేమ ఉండాలి. అంతకంటే తక్కువైతే దిమ్మె సరిగా కట్టదు, పిండిలా రాలుతుంది. ఎక్కువైతే లోపలి నీరు ఆవిరై ఎటు పోవాలో తెలియక తిరగబడుతుంది. శనక్కాయ మిల్లుల్లో కాయ కొట్టేముందు గింజ పగలకుండా నీళ్లు చల్లుతారు. ఆ తడి పొట్టుతో పాటే వస్తుంది. కొందరు మిల్లులవాళ్లు తూకం కోసం కాస్త ఎక్కువే చల్లుతారని ఓనరు గొణిగాడు.

ఇది మాట్లాడుకుంటుండగానే ధన్ ధన్ అన్నది ఒక్క క్షణం ధుబ్ అన్నట్టయింది. ఆపరేటరు తల తిప్పాడు. చెయ్యి స్విచ్చు దాకా వెళ్లలేదు, టప్పుమని పెద్ద పేలుడు! దుంగ ముక్క ఇనుప దారి మీద బారెడు దూరం దూకింది. వెనకాల పొట్టు పోసే హాపర్లోంచి వేడి పొట్టు ఫౌంటెన్‌లా లేచింది. నేను స్తంభం చాటుకు ఎట్లా చేరానో నాకే తెలియదు. బావమరిది మాత్రం ఫోనులో వీడియో తీస్తూ అట్లాగే నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, మీసం, అన్నీ పొట్టే. కళ్లంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆపరేటరు ఒక గుడ్డ తెచ్చిచ్చి, "చెప్తి గదన్నా" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టడానికి అరగంట పట్టింది.

ఆ అరగంటలో నేను లెక్క తేల్చడానికి కూర్చున్నాను. బ్యాంకు బుద్ధి.

వేడి సంగతి మొదట. శనక్కాయ పొట్టు దిమ్మె కిలోకు 4000 కిలోక్యాలరీలకు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. మన దేశపు బొగ్గు విద్యుత్ కేంద్రాలకు వచ్చేది కూడా ఇంచుమించు అంతే. పైగా ఆ బొగ్గులో బూడిదే వందకు 30 నుంచి 40 పాళ్లుంటుంది. మట్టి కలవని శనక్కాయ పొట్టులో ఐదారు పాళ్లు. వరి ఊక అయితే వేరు, అందులో 20 పాళ్లదాకా బూడిద, అదీ ఇసుకలాంటి సిలికా. ఊక వేస్తే డై అరిగిపోతుందని ఆపరేటరు దాన్ని గేటు లోపలికే రానివ్వడు. పత్తి కట్టెతో కూడా అదే భయం, వేళ్లకు మట్టి పట్టుకొస్తుంది.

తర్వాత కరెంటు. 75 హార్స్‌పవర్ మోటారు, పొడి చేసే మిషను కలిపి గంటకు సుమారు 75 యూనిట్లు అనుకుందాం. గంటకు ఒక టన్ను సరుకు. యూనిట్‌కు 860 కిలోక్యాలరీల చొప్పున 64,500. టన్ను దిమ్మెల్లో ఉన్నది 40 లక్షలు. వందకు రెండు కూడా కాదు. ఆ కరెంటును తయారు చేయడానికి థర్మల్ కేంద్రంలో దానికి మూడింతల వేడి కాల్చారనుకున్నా వందకు ఐదే. ఇక్కడిదాకా లెక్క బంగారంలా ఉంది. బావమరిది పొట్టు దులుపుకుంటూ తలూపాడు.

లెక్క చెడేది లారీ దగ్గర. పొట్టు లారీ నిండా నింపి, పైన వల కట్టి, రోడ్డు మీద చెట్ల కొమ్మలు తగిలేంత ఎత్తు పేర్చినా అది మోయగల బరువులో సగం కూడా తూగదు. విడి పత్తి కట్టె ఇంకా అన్యాయం, ట్రాక్టరు నిండా ముళ్లకంప నింపినట్టుంటుంది, ఎక్కువ భాగం గాలే. అంటే డీజిలు పోసి గాలిని తోలుతున్నాం. దిమ్మె అయ్యాక సరుకు నీటికంటే బరువు, అప్పుడు లారీ దాని పూర్తి బరువుకు నిండుతుంది. కాబట్టి ప్లాంటు పొలాలకు, మిల్లులకు ఎంత దగ్గరగా ఉంటే అంత బతుకుతుంది. చింతచెట్టు ప్లాంటు బాయిలర్లకు దగ్గరగా ఉండాలని హైవే పక్కన పెట్టారు. అది కూడా నేనే 'రవాణా సౌకర్యం బాగుంది' అని రాశాను.

ఇంకోటి కాలం. శనక్కాయ నవంబరు నుంచి మొదలవుతుంది, పత్తి కట్టె, కంది కట్టె జనవరి నుంచి. ఉగాది దాటాక పెద్దగా ఏమీ రాదు. బాయిలరు ఏడాదంతా మండాలి. అంటే నాలుగైదు నెలల్లో ఏడాది సరుకు కొని, ఆరబెట్టి, వాన తగలకుండా దాచాలి. అంత డబ్బు గుట్టగా పోసి పట్టాలు కప్పి కూర్చోవాలి. ధరలు నేనిక్కడ రాయను, ఈ పత్రిక మీ చేతికొచ్చేసరికి మారిపోతాయి. ఓనరు మాత్రం ఒక మాటన్నాడు. "ఇది మిషను యాపారం కాదు సార్, గోడౌను యాపారం. మిషను ఎవడన్నా కొంటాడు."

మధ్యాహ్నం అతనే మమ్మల్ని ఆలూరు రోడ్డు మీద ఒక ఊరికి పంపాడు, పత్తి కట్టె ఎట్లా తెస్తున్నారో చూడమని. చేలో ట్రాక్టరు వెనక తగిలించిన ష్రెడర్ తిరుగుతోంది. నిలబడ్డ కట్టెను లోపలికి లాక్కుని, అంగుళం ముక్కలు చేసి, వెనక ట్రాలీలోకి చిమ్ముతోంది. చేనుగలాయన గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు. ఎంతిస్తారని అడిగితే, "ఇచ్చేదేముందన్నా, చేను ఖాళీ చేసి పోతే అదే చాలు. కట్టె పీకను కూలీలు యాడ దొరుకుతారు?" అన్నాడు. ముందైతే ఇనుప పట్టకారులాంటి పనిముట్టుతో ఒక్కో మొక్కా పీకేవాళ్లు. ఎకరం పీకితే మనిషి నడుం పట్టేసేది.

కట్టెను చేలోనే ముక్కలు చేయడానికి ఇంకో కారణముంది. గులాబీ రంగు పురుగు. ఏరకుండా మిగిలిన గుడ్డికాయల్లో అది వేసవంతా నిద్రపోతుంది. కట్టెను మోపులు కట్టి ప్లాంటు దగ్గర వామి వేస్తే, వానలు పడగానే అక్కణ్నించే లేచి మళ్లీ చేల మీద పడుతుంది. అందుకే పత్తి కట్టె ఊళ్లో నిల్వ పెట్టొద్దని వ్యవసాయాధికారులు మొత్తుకుంటారు. ముక్కలైపోతే పురుగుకు దిక్కులేదు. ఈ ఒక్క విషయంలో యంత్రం రైతుకు నిజంగా మేలు చేస్తోంది. మట్టికి చేస్తుందా అంటే చెప్పలేను. ఆ ముక్కలు చేలోనే దున్నేస్తే నల్లరేగడికి కాస్త పదును మిగులుతుంది. ఈ మాటే అంటే చేనుగలాయన, అవి చివకడానికి ఏడాది పడుతుంది, అంతలో గొర్రు పళ్లకు అడ్డం పడతాయన్నాడు. ఆయన గొర్రు ఆయనకు తెలుసు.

ఎండ ఎక్కువగా ఉందని ఊరి మొదట్లో ఒక ఇంటి వసారాలో కూర్చున్నాం. ఇంటావిడ మంచినీళ్లిచ్చింది. అరవై దగ్గర్లో ఉంటుంది. లోపల గ్యాసు పొయ్యి కనిపిస్తోంది, బయట పందిరి కింద మట్టి పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తోంది. గ్యాసు ఉండగా ఇదెందుకక్కా అంటే, "చాయకు, కూరకు గ్యాసు. రొట్టెకు ఇదే. సిలిండరు మీద రొట్టెలు చేస్తే నెలకెన్ని కావాల?" అంది. పొయ్యిలో తుమ్మ పుల్లలు, ఎండు కొబ్బరి మట్ట ఒకటి. పత్తి కట్టె వాడవా అన్నాను.

"ముందర అదే సార్. కట్టె పీకినందుకు కూలి బదులు కట్టే తీసుకుంటాంటిమి. ఇంటి ఎనకాల ఏడాదికి సరిపడా వామి ఉండె. ఇప్పుడు మిషనొచ్చి అర్ధగంటలో పొడి చేసుకొని పాయ."

బావమరిది ఉత్సాహంగా సంచిలోంచి ఒక దిమ్మె తీసిచ్చాడు. పొద్దున ఓనరు ఇచ్చిన నమూనా. ఆ కట్టెతో చేసేదీ ఇట్లాంటిదే, ఇంకా మంచిగా మండుతుంది, చూడమన్నాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "బెల్లం అచ్చు మాదిరుందే" అని, ఒక జానెడు ముక్క విరిచి పొయ్యిలో పెట్టింది. ముందు కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అంచులు ఉబ్బి, బిళ్లలు బిళ్లలుగా విడుచుకున్నాయి. పసుపు రంగు పొగ పొయ్యి మూడు పక్కల నుంచీ లేచింది. మంట లేదు, లోపల ఎర్రటి నిప్పు మాత్రం ఉంది. పెనుము మీది రొట్టె పొంగలేదు. ఆమె దగ్గుతూ గొట్టంతో ఊది ఊది చివరికి చేతులెత్తేసింది.

"రొట్టెకు మంట గావాల సార్. ఇది నిప్పు."

తప్పు దిమ్మెది కాదు. దానికి కింద జల్లెడ, అడుగు నుంచి గాలి తోసే ఫ్యాను, పైకి లాగే చిమ్నీ కావాలి. బాయిలర్లో అవన్నీ ఉంటాయి. అయినా అక్కడా దీంతో ఒక పేచీ ఉంది. పంట వ్యర్థాల బూడిదలో పొటాష్ ఎక్కువ, వేడి మరీ పెరిగితే అది కరిగి జల్లెడకు చిట్టెంలా పట్టుకుంటుంది, గడ్డపారతో పొడవాల్సిందే. మట్టి పొయ్యిలో ఆ గొడవ లేదు, గాలే లేదు.

ఆమె పట్టకారుతో ముక్కను బయటికి లాగి, కాలే కట్టెను ఆర్పినట్టే చెంబుడు నీళ్లు పోసింది. సుయ్‌మంది. మేం రొట్టెలోకి శనక్కాయ చట్నీ నంజుకుంటూ కూర్చున్నాం. ఐదు నిమిషాల తర్వాత చూస్తే అక్కడ ముక్క లేదు. తడి పొట్టు గుప్పెడు, పైన కాస్త నల్లగా. రాయిలా ఉన్నది చెంబుడు నీళ్లకే పొద్దున కళ్లంలో చూసిన పొట్టయి కూర్చుంది. ఒక కోడిపెట్ట వచ్చి కాళ్లతో కెలికి, తినడానికేమీ దొరక్క వెళ్లిపోయింది. గోడౌను వ్యాపారమని ఓనరు ఎందుకన్నాడో బావమరిదికి అప్పుడు అర్థమైందనుకుంటాను. మారు మాట్లాడకుండా మిగిలిన నమూనాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచి అడుగున పెట్టాడు.

"ఇంతకూ దీన్ని యాడికి పంపుతారు?" అంది ఆమె.

"బళ్లారికి. జీన్స్ ప్యాంట్లు ఉతికే ఫ్యాక్టరీలుంటాయి అక్కడ. నీళ్లు కాచడానికి."

"ప్యాంట్లు ఉతికేదానికా?" అని ఆమె పక్కింటి ఆవిణ్ని పిలిచి మరీ చెప్పింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. అప్పు మంజూరు చేయమని నేను సంతకం పెట్టిన ఆ పాత రిపోర్టులో కూడా మిల్లులు, లారీలు, బాయిలర్లు ఉన్నాయి. ఇంటి వెనక వామి సంగతి ఎక్కడా లేదు. అడిగే గడే లేదు ఆ ఫారంలో.

తిరుగు బస్సు దొరికేసరికి చీకటి పడింది. ఎమ్మిగనూరు దాటాక కిటికీలోంచి మంటలు కనిపించాయి. దూరంగా ఒకటి, రోడ్డు పక్కనే ఇంకోటి. పత్తి కట్టె కుప్పలు. ఎండు కట్టె కాబట్టి చిటపటలాడుతూ నిలువెత్తున లేస్తున్నాయి, రొట్టెకు కావలసిన మంట. బావమరిది కాసేపు వాటిని లెక్కబెట్టాడు. గోనెగండ్ల దగ్గర పదకొండు అన్నాడు. తర్వాత ఫోన్ తీసి వాళ్ల ఊరి మిల్లాయనకు చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక, "అన్నా, ఆ పొట్టు... పోయినవారం ఊరికే తోలుకుపొమ్మంటివి కదా" అన్నాడు. బస్సులో అవతలి గొంతు నాకూ వినబడుతోంది.

"తోలుకుపో. ఇంతకూ దేనికి నీకు?"

మావాడు ఒక్క క్షణం తటపటాయించి, ఉన్నమాట చెప్పేశాడు. ఆదోని వెళ్లొచ్చిన సంగతి, మిషను సంగతి, బాయిలర్ల సంగతి. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు.

"అట్లనా," అంది ఆ గొంతు. "అయితే ఎంతిస్తావు?"